దవడలో తుంగ

నాలుక మళ్ళీ అక్కడికే పోతోంది. వద్దన్నా వినదు. కింది వరసలో కుడివైపు చివరి పన్ను వెనకాల చిగురు ఉబ్బిన చోట ఆగి, కాస్త నొక్కి, రెండు చుక్కల ఉప్పనీళ్ళు తెచ్చి నాకు రుచి చూపిస్తుంది, ఇదిగో మల్లీశ్వరీ, నీ దవడ ఎముకను లోపల్లోపల తినేస్తున్నది ఇదేనని. రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా తాగనివ్వలేదు కాబట్టి ఈ పూటకు నాకు దొరికిన రుచి ఇదొక్కటే. ఆపరేషన్ గది పక్కనున్న ఈ చిన్న గదిలో ఆకుపచ్చ గౌను తొడిగి పడుకోబెట్టారు. వెనక ముడులు వేసే గౌను. ఊరికి సర్పంచినైనా ఇక్కడ నాకు దక్కిన మర్యాద వీపు మీద ముడులే. గాజులు తీయించారు, మట్టెలు తీయించారు, సూత్రాలతాడు తీసి నర్సు ఓ చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి మా ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని చొక్కా జేబులో సెల్‌ఫోన్ పక్కన పడేసుకుని డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాడు. వెళ్ళి చాలాసేపయింది. తలుపు ఓరగా ఉంది. మాటలు తెలియడం లేదు గానీ ఆ గొంతు నాకు తెలుసు. మండలాఫీసులోనో పోలీస్ స్టేషన్లోనో పని జరగాల్సి వచ్చినప్పుడు తీసే గొంతు అది, తేనె పూసిన గొంతు. నా దవడ గురించి మాట్లాడుతున్నాడు. నేనిక్కడున్నాను, నా దవడ సంగతి అక్కడ తేలుతోంది.

పొద్దున డాక్టర్ మెహ్జబీన్ వచ్చి నా నోట్లోకి లైటు వేసి చూస్తూ, "ఏంటమ్మా, మొదటిసారే చెప్పాను కదా, ఏడాదికోసారి ఎక్స్‌రేకి రావాలని" అంది. తిట్టినట్టు కూడా అనలేదు, మామూలుగా అంది. నోరు తెరిచి ఉంది కాబట్టి నేను ఆఁ అన్నాను. ఆమె వేలు తీశాక నోరు మూసుకుని, ఆ మాటను మళ్ళీ లోపల తిప్పి చూసుకుని, "ఎవరికి చెప్పారమ్మా?" అన్నాను. "మీవారికి. అన్నీ వివరంగా చెప్పాను." కిటికీ దగ్గర నిలబడ్డ మా ఆయనకు సరిగ్గా అప్పుడే ఫోన్ వచ్చింది. మోగని ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని హలో హలో అంటూ వరండాలోకి నడిచాడు. నేను చూశాను, తెర నల్లగా ఉంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అబద్ధమాడుతుంటే ఎదురుగా చూడటం అదే మొదలు. అంటే అంతకు ముందు ఆడలేదని కాదు, నేను చూడలేదని.

డాక్టరమ్మ పాపం ఏమీ దాచలేదు. ఇది మామూలు నీటిగడ్డ కాదమ్మా, మళ్ళీ వచ్చే జాతిది, పోయినసారి ఆపరేషన్‌కు ముందే చిన్న ముక్క తీసి టెస్టుకి పంపితే తెలిసింది, అంది. దాని తొక్క ఉల్లిపొర లాగా పల్చగా ఉంటుందట, తీసేటప్పుడు చినిగి ఎక్కడ కాస్త మిగిలినా, పక్కన ఎముకలో పిల్లగడ్డలు దాక్కున్నా, అక్కడి నుంచి మళ్ళీ పెరుగుతుందట. అందుకే దాన్ని అంటుకుని ఉన్న రెండు పళ్ళూ తీసేసి, చుట్టూ ఎముకను కాస్త చెక్కి, మిగిలినవి చచ్చేట్టు మందు పూద్దామని అప్పుడే అన్నదట. మా ఆయన వద్దన్నాడట. గడ్డ ఒక్కటీ తీసి కుట్టేయండి చాలన్నాడట. సరే, అలాగైతే కనిపెట్టుకుని ఉండాలి, ఏటా ఫొటో తీసి చూడాలి, చిన్నగా ఉండగా పట్టుకుంటే పెద్ద బాధ ఉండదు అని చెప్పిందట. "మా రిసెప్షన్ వాళ్ళు ఏటా ఫోన్ చేశారమ్మా. పేషెంట్ బ్రహ్మాండంగా ఉంది, రావాల్సిన పనిలేదు అన్నారంట." ఆవిడే మళ్ళీ, "అప్పుడు మిమ్మల్నే అడగాల్సింది" అంది. అడగలేదుగా, అన్నాను. తలొంచుకుని చేతి తొడుగులు తీసుకుంటూ వెళ్ళింది.

పిల్లగడ్డలట. ఆ మాట వినగానే నాకు వెల్దుర్తి దగ్గర మా పుట్టింటి చేను గుర్తొచ్చింది, పత్తి సాళ్ళ మధ్య తుంగ. చిన్నప్పుడు నేను గబగబా పైన పీకేసి అయిపోయిందని గట్టు మీద కూర్చునేదాన్ని. మా అమ్మ వచ్చి నెత్తిన ఒకటి మొట్టి, గునపంతో తవ్వి చూపించేది. నల్లటి చిన్న గడ్డ, దాని నుంచి వేరు, ఆ వేరుకు ఇంకో గడ్డ, దానికింకోటి. "పైన పీకితే నవ్వుద్దే తుంగ. వాన పడనీ, మళ్ళీ లేచుద్ది. గడ్డ తియ్యి, గడ్డకు పుట్టిన గడ్డా తియ్యి" అనేది. అమ్మ పోయింది, ఆ చేను కూడా ఇప్పుడు వేరేవాళ్ళది, తుంగ మాత్రం ఉండే ఉంటుంది. నాకొక్క మాట చెబితే అర్థమయ్యేది కాదా? మల్లీశ్వరీ, నీ దవడలో తుంగ మొలిచింది, పైన పీకి వదిలేశాం, వాన పడ్డప్పుడల్లా చూసుకోవాలి అంటే, నేను చూసుకునేదాన్ని కాదా? ఏడాదికోసారి ఈపూరులో బస్సెక్కి నరసరావుపేటలో దిగి, ఒక ఫొటో తీయించుకుని, సాయంత్రానికి ఇంటికి చేరేదాన్ని. కోటప్పకొండ తిరనాళ్ళకు ప్రతి ఏడూ రావడం లేదా? కొండ దిగి అటు నుంచి అటే వచ్చేదాన్ని.

నాలుక మళ్ళీ పోయింది. ఉప్పగా. మొన్న మొక్కజొన్న కంకి కొరికినప్పుడు మొదలైంది ఈ ఉప్పు, పన్ను కదిలినట్టయింది, అద్దంలో చూసుకుంటే కుడి చెంప కింద కొంచెం బరువుగా, పోక చెక్క బుగ్గన పెట్టుకున్నట్టు. ఆయనకు చూపిస్తే ఒక్క క్షణం ఆయన ముఖం మారింది. నాకోసం భయపడ్డాడనుకున్నాను. పిచ్చిదాన్ని. ఆ ముఖం మారడం చూసి రాత్రి పక్క మీద నేనే ఆయన్ని ఓదార్చాను, ఏం కాదులేండి, పోయినసారి తగ్గలేదా అని. తగ్గింది కదా అని ఆయన కూడా అన్నాడు, సీలింగు వైపు చూస్తూ. తగ్గలేదని తెలిసి అన్నాడు.

పోయినసారి. ఆ మాట తలచుకోకూడదనుకుంటూనే అక్కడికే వస్తున్నాను, నా మనసూ నా నాలుకా ఒకే జాతివి. పోయినసారి ఆపరేషన్ అయ్యాక నోరు తెరుచుకునేది కాదు, చెంప చుట్టూ గుడ్డ కట్టారు. ఇంటికి తీసుకెళ్ళాక మా అత్తగారు చేసిన గట్టి జావ నేను మింగలేక కక్కుకుంటే, ఆయన విసురుగా లేచి వంటింట్లోకి పోయాడు. వంటింట్లో గరిటె ఎక్కడుంటుందో కూడా తెలియని మనిషి రాగిపిండి కలిపి, ఉండలు కడితే మళ్ళీ కలిపి, టీ వడకట్టే జల్లెడలో వడకట్టి, చల్లార్చి, నా పక్కన మంచం మీద కూర్చుని, చెంచాతో ఎడమవైపు నుంచి పోశాడు. "ఊఁ, ఇంకోటి. ఇదిగో, ఇదే లాస్టు" అంటూ గిన్నె అయ్యేదాకా ఇదే లాస్టు అంటూనే ఉన్నాడు. నేను నవ్వబోతే కుట్లు లాగి కళ్ళనీళ్ళొచ్చాయి. వాకిట్లో మనుషులొచ్చి అన్నా, అన్నా అని పిలుస్తుంటే, ఉండండ్రా, వస్తన్నా, అని లోపల్నుంచే అరిచాడు. అలా కుట్లు విప్పేదాకా. ఆ రోజుల్లోనే ఒకసారి నా ఎడమ చెంప మీద చెయ్యి వేసి అన్నాడు, "రెండు పళ్ళు పీకుతానందే ఆ డాక్టరమ్మ. నేను ఊరుకుంటానా? నా పెళ్ళాం నవ్వితే ముత్యాల్లాగుంటయ్యి, పీకొద్దని బతిమలాడా" అని. నాకు అప్పటికి నలభై దాటాయి. అంతకు ముందు ఎవరూ నా పళ్ళను ముత్యాలనలేదు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు, గుంటూరులో చదువుకుంటున్న మా అమ్మాయి భవితకు కూడా చెప్పలేదు. ఆ తర్వాత ఆయన ఎన్నిసార్లు నలుగురిలో విసుక్కున్నా, ఎన్నిసార్లు కేక వేసినా, నేను ఆ రాగిజావ తీసుకుని ముందు పెట్టుకునేదాన్ని. పైకి అలా ఉంటాడు గానీ లోపల ఇదీ మనిషి, అనుకునేదాన్ని. ఇన్నేళ్ళ కాపురంలో నాకు నిజంగా మిగిలిన ఆస్తి అదే. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

ఎందుకంటే ఇప్పుడు వరసగా గుర్తొస్తోంది. మా ఊరి సర్పంచి పదవి ఆ ఏడు ఆడవాళ్ళకు వచ్చింది. ఆయన ఎప్పటి నుంచో కాచుకుని కూర్చున్న కుర్చీ. ఆడవాళ్ళకైతే ఏం, నా ఇంట్లో ఆడది లేదా అన్నాడు. కుట్లు విప్పిన వారానికే వినుకొండ నుంచి ఫొటోలు తీసే నవీన్ వచ్చాడు. కొత్త పట్టుచీర కట్టి, దణ్ణం పెట్టించి, గోడ ముందు నిలబెట్టారు. "ఒరేయ్ నవీనూ, ఎడం పక్క నుంచి తియ్యి. కొంచెం నవ్వవే, పళ్ళు కనపడాల" అన్నాడు ఆయన. నేను నవ్వాను. నా పళ్ళంటే ఆయనకు ఇష్టమని నవ్వాను. రెండు పళ్ళు పోతే చెంప లోపలికి పోతుంది, మందు పూస్తే పెదవి తిమ్మిరెక్కి మూతి వంకరగా కనపడొచ్చు, వాపు తగ్గడానికి నెలలు పట్టొచ్చు అని డాక్టరమ్మ చెబితే, ఆయన ముందు చూసుకున్నది నామినేషన్ తేదీ. ముత్యాలు ఎవరికో ఇప్పుడు తెలిసింది. ఫ్లెక్సీకి.

ఆ ఫ్లెక్సీలు ఊరంతా కట్టారు, బడి గోడకు, పాలకేంద్రం ముందు, ఆ ఏడు కోటప్పకొండ తిరనాళ్ళకు వెదుళ్ళతో ఎత్తుగా కట్టిన మా ఊరి ప్రభ పక్కన కూడా ఒకటి. చిన్నగా నేను దణ్ణం పెడుతూ, వెనకాల పెద్దగా ఆయన చెయ్యి ఊపుతూ. గెలిచింది నేను, ప్రెసిడెంటు ఆయన. ఊళ్ళో ఎవరిని అడిగినా అదే చెబుతారు. కుర్చీలో ఆయన కూర్చుంటాడు, పెన్సిలుతో ఇంటూ పెట్టిన చోట నేను సంతకం పెడతాను. అందులో నాకు పెద్ద బాధ లేదు, అబద్ధం చెప్పను, కుర్చీ మీద నాకు మోజు లేదు. గెలిచాక ఫ్లెక్సీలు విప్పి కల్లంలోకి తెచ్చారు, గట్టి గుడ్డ కదా, పారేయడమెందుకని. మిరపకాయలు ఆరబోసినప్పుడు మబ్బు పడితే వాటినే కప్పేవాళ్ళు. "ఒరేయ్, చినుకులు పడతన్నయ్యిరా, సర్పంచిని కప్పండ్రా!" అని ఆయన అరిచేవాడు, కూలీలంతా నవ్వేవాళ్ళు, నేను కూడా నవ్వేదాన్ని. ఎండకు నా ముఖం ముందు పసుపుగా, తర్వాత తెల్లగా పాలిపోయింది, కుడి చెంప దగ్గర ఎలుక కొరికింది. ఆ బొక్కలోంచి ఎర్రగా మిరపకాయలు కనపడేవి. పైన పటారం, లోన లొటారం. లోన లొటారం అని ఆయనకు తెలుసు. నాకే తెలియదు.

ఆ ఫోన్లు కూడా. ఏటా ఒకటి. ఏ పూట వచ్చాయో, అప్పుడు నేనెక్కడున్నానో అని వెతుక్కుంటుంటే ఒకటి దొరికింది. ఎండాకాలం, మధ్యాహ్నం భోజనం, ఆయనకు మామిడికాయ పప్పు వడ్డిస్తున్నాను. ఫోన్ మోగితే ఎడమచేత్తో ఎత్తి, "ఆఁ... ఆఁ... బ్రహ్మాండంగా ఉందమ్మా, ఏం ఇబ్బంది లేదు" అని పెట్టేశాడు. ఎవరండీ అన్నాను. "ఎవరో కంపెనీ వాళ్ళు. మోటారు ఎట్లా పనిచేస్తందని అడుగుతన్నారు" అన్నాడు, అన్నం కలుపుకుంటూ. నేను ఇంకాస్త నెయ్యి వేశాను. నా గురించి నా ముందే, నా చేతి అన్నం తింటూ, నేను బ్రహ్మాండంగా ఉన్నానని చెప్పేశాడు. తడిగుడ్డతో గొంతు కోయడం అంటే వినడమే గానీ ఇదేనని తెలియదు, ఇంత చల్లగా ఉంటుందని తెలియదు. ఆ పూట పప్పు బాగుందన్నాడు కూడా.

తలుపు తీసిన చప్పుడు. ఆయనే. జేబులో ఫోన్ మోగుతోంది, ఈసారి నిజంగానే, దాని అదురుకు పక్కనున్న సంచిలో నా సూత్రాలు గలగలమంటున్నాయి. ఫోన్ కట్ చేసి మంచం పక్కన నిలబడ్డాడు.

"ఏమే, భయమేస్తందా? ఏం లేదులే, డాక్టరమ్మతో మాట్లాడా. ఇప్పుడు పెద్దది వద్దు. చిన్న బెజ్జం కొట్టి గొట్టం పెడతారంట, నీళ్ళు కారిపోయి గడ్డ తగ్గిపోద్దంట. పెద్దది ఎలక్షన్లయినాక నిమ్మళంగా చేపిద్దాం. మళ్ళీ నువ్వే నిలబడాల గదా."

"ఏటా ఫోన్ వచ్చేదంట గదండీ."

ఆయన కిటికీ వైపు చూశాడు. "వచ్చేదిలే. నువ్వు బానే తిరుగుతన్నావు గదా. చెప్తే భయపడి చస్తావని చెప్పలా."

"మోటారు కంపెనీ వాళ్ళన్నారు."

"ఇప్పుడదంతా ఎందుకే? మూతి వంకరపోతే జనం ఏమనుకుంటారో నీకేం తెలుసు? ఎదుటిపార్టీ వాళ్ళు పాటలు కడతారు."

నాకు ఒక్కటే అడగాలనిపించింది. మిగతావన్నీ పోనీ, ఒక్కటి. "మరి ఆ జావ ఎందుకు తాపించావయ్యా?" అన్నాను.

"ఏం జావ?" అన్నాడు.

నటించడం లేదు. పొద్దున నల్లటి తెర చూశాక ఆయన నటన నాకు తెలుస్తోంది, ఇది కాదు. నిజంగానే గుర్తులేదు. జల్లెడ, ఉండలు, ఇదే లాస్టు, ముత్యాలు, ఏవీ లేవు. ఎలక్షన్ల ముందు చేసిన వంద పనుల్లో అదొకటి. ఆయన మోసం చేస్తూ జావ తాపించాడని ఇంతసేపూ ఏడ్చాను. అలాగైనా బాగుండేది, కనీసం ఆ గిన్నె ఇద్దరి మధ్యా ఉండేది. ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే ఖాళీ గిన్నె నాకుతూ కూర్చున్నాను.

"బయటికి పోండి" అన్నాను. ఆయన కదల్లేదు. "పోవయ్యా!" అని అరిచాను, దవడ కలుక్కుమంది. నర్సు పరుగెత్తుకొచ్చింది, వెనకాలే డాక్టరమ్మ. ఆయన ఇద్దరి వంకా చూసి, ప్రెషరు పెరిగిందేమో చూడండమ్మా అని వాళ్ళకు చెప్పి, నెమ్మదిగా వెళ్ళాడు. జేబు గలగలమంటూనే ఉంది.

డాక్టర్ మెహ్జబీన్ ఈసారి నిలబడి మాట్లాడలేదు, మంచం అంచున కూర్చుంది. "గొట్టం పద్ధతి తప్పేమీ కాదమ్మా. గడ్డ చిన్నదవుతుంది. కానీ నెలల తరబడి రోజూ మీరే కడుక్కోవాలి, మధ్యలో వచ్చి చూపించుకోవాలి, చివరికి మళ్ళీ ఆపరేషన్ తప్పదు. లేదా ఇవాళే రెండు పళ్ళు తీసి, ఎముక చెక్కి, మందు పూస్తాను. గడ్డ ఎముకను చాలావరకు తినేసింది, ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే దవడే విరిగేది. కింది పెదవి తిమ్మిరిగా ఉండిపోవచ్చు. చెంప కొంచెం లోపలికి పోతుంది. అయినా మళ్ళీ రాదని రాసివ్వలేను, పదేళ్ళు ఏటా చూపించుకోవాలి. మీరు ఏమంటారు?"

మీరు ఏమంటారు అని నన్ను అడిగింది. నేను గుమ్మం వైపు చూశాను, అలవాటు చొప్పున. అక్కడ ఎవరూ లేరు. నాకు భయం వేసింది, నిజంగానే, పెదవి చచ్చిపోతే ఎలా ఉంటుందో, అన్నం మెతుకు అంటుకున్నా తెలియదేమో, భవిత చూసి ఏమనుకుంటుందో. ఆయన మీద కసితో ఒక మాట అనేసి జన్మంతా వంకర మూతితో తిరుగుతానేమో. గొట్టమే మేలేమో. నాలుక మళ్ళీ అక్కడికి పోయింది, నొక్కింది, ఉప్పగా. పైన పీకితే నవ్వుద్దే తుంగ.

"తవ్వి తీసేయండమ్మా" అన్నాను. "పళ్ళు కూడా."

ఆమె తలూపి లేచింది. నర్సు కీర్తి నా పేరు, వయసు రాసుకుంటూ, "ఏటా మేము ఫోన్ చెయ్యాలిగా ఆంటీ, పాత నంబరేనా?" అంది. ఆయన నంబరు. రేషన్ కార్డుకు, గ్యాసుకు, బ్యాంకుకు, పంచాయతీకి, భవిత కాలేజీకి నేను కళ్ళు మూసుకుని చెప్పే నంబరు. కాదమ్మా, నాదే రాసుకో అన్నాను. చెప్పండి అంది కలం ఎత్తి. నోరు తెరిచాను. నాకు తెలియదు. చేతిలో ఫోన్ ఉంది ఇన్నేళ్ళుగా, సర్పంచినని ఊరంతా ఓట్లేశారు, నా నంబరు నాకు రాదు. ఎవరూ అడగలేదు మరి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ పిల్ల నవ్వలేదు. మంచం కింది సంచిలోంచి నా ఫోన్ తీసి, దాంట్లోంచి తన ఫోన్‌కు రింగ్ ఇచ్చి, తెర మీద పడిన అంకెలు నాకు చూపించింది. ఒక్కొక్కటే చదివాను. ఇంకోసారి చదివాను. చక్రాల మంచం మీద తోసుకుపోతుంటే వరండాలో ఆయన ఫోన్లో మాట్లాడుతూ చెయ్యి ఎత్తాడు, రెండు వేళ్ళు ఊపాడు, ఫ్లెక్సీలో ఊపినట్టే. నేను పెదవులు కదుపుతూ అంకెలు చదువుకుంటున్నాను.

లోపల చలి. పైన గుండ్రటి దీపాలు. మత్తు డాక్టరు చేతిలోకి ఏదో ఎక్కిస్తూ, "అమ్మా, ఒకటి నుంచి లెక్కపెట్టండి" అన్నాడు.

"తొమ్మిది" అన్నాను.

"ఒకటి నుంచమ్మా."

"తొమ్మిది, నాలుగు" అన్నాను, "తొమ్మిది, సున్నా..." ఆయనకేం అర్థమవుతుంది. కీర్తి ఆయనతో ఏదో మెల్లగా చెప్పింది. దీపాలు దగ్గరికొస్తున్నాయి, చెయ్యి బరువెక్కింది, సున్నా తర్వాత ఎనిమిది, ఎనిమిది తర్వాత మళ్ళీ ఎనిమిది, మర్చిపోకూడదు, లేచాక మొదటి నుంచి అప్పజెప్పుకోవాలి. నాలుక అటు పోవడం లేదు, దానికి ఇప్పుడు వేరే పనుంది.